వెల్డింగు మిషను ఎంచుకునే మహాభాగ్యం

దగ్గరికి జరిగి కూర్చోండి. అలా గుమ్మంలో నిలబడి వింటే సగం మాటలు గాలికి పోతాయి. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి, ఎవరి కొంపా మునిగిపోదు. ఒక గొప్ప సంగతి చెబుతాను. విన్నాక కాదనండి చూద్దాం.

ఇంట్లో ఏదైనా విరిగితే మర్నాటికల్లా బాగుచేయించుకునే వాళ్ళంత అభాగ్యులు ఈ లోకంలో లేరు!

ముక్కున వేలేసుకోకండి. బాగా ఆలోచించే అంటున్నాను. విరిగింది, అతికించారు, అయిపోయింది. అందులో ఏముంది? కొత్తగా ఏం నేర్చుకున్నట్టు? నలుగురితో ఏం మాట్లాడినట్టు? అదే, విరిగినదాన్ని అతికించడానికి ఏ మిషను కొనాలా అని నలభై రోజులు పరిశోధన చేశారనుకోండి, ఇక అది ఇల్లు కాదు, విశ్వవిద్యాలయం! మా ఇల్లు మొన్నటిదాకా అలాగే వెలిగిపోయింది. ఆ వెలుగంతా మా అల్లుడుగారి చలవే.

ముందు విరిగిందేమిటో చెప్పాలి కదా.

మా అమ్మాయి కుట్టుపని చేస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను. ఇరవై ఏళ్ళుగా జిప్పులు మార్చడం, అంచులు మడవడం, పెద్దవాళ్ళ ప్యాంట్లు పిల్లలకు పొట్టి చేయడం. మా వీధిలో చిరిగిన ప్రతి గుడ్డా దాని సూది కింద నుంచి వెళ్ళిందే. ఈ ఏడాది మొదటిసారి ఒక పెద్ద ఆర్డరు తగిలింది. నర్సుల శిక్షణ బడి వాళ్ళు కొత్తగా చేరే పిల్లల కోసం అరవై ఏప్రన్లు కుట్టమన్నారు. యాభై రోజుల గడువు. చెప్పిన రోజుకు అప్పజెబితే ఇక ఏటా ఆ పని మా అమ్మాయిదే. లేకపోతే పెద్ద బజారులో షాపు వాళ్ళకు పోతుంది. ఆ కబురు తెచ్చిన రోజు అమ్మాయి అన్నం కలుపుకుంటూ తనలో తాను నవ్వుకుంది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అలాంటి నవ్వు నేను చూడటం అదే మొదలు.

తెల్ల గుడ్డ తానులు ఇంటికొచ్చిన మర్నాడు, గదికి రంగు వేద్దామని అల్లుడుగారు మిషను స్టాండును పక్కకు లాగారు. గడప అడ్డం తగిలింది. ఫట్! ముందు కాలు మడమ దగ్గర రెండు ముక్కలైంది.

"ఏమండీ!" అంది అమ్మాయి.

"కంగారు పడకు," అన్నారు అల్లుడుగారు, విరిగిన ముక్కను చేతిలో తిప్పుతూ. "దీనికి బయటివాళ్ళెందుకు? చిన్న పోర్టబుల్ వెల్డింగు మిషను కొనేద్దాం. ఒక్క అతుకు వేస్తే మళ్ళీ వందేళ్ళు చూసుకోనక్కర్లేదు. మిషను కూడా ఇంట్లో పడి ఉంటుంది."

చూశారా దూరదృష్టి! మామూలు మొగుడైతే ఆ ముక్కను సంచిలో వేసుకుని వీధి చివర రిపేరు షెడ్డుకు వెళ్ళేవాడు. సాయంత్రానికి కాలు నిలబడేది. మా బతుకులు మాత్రం అలాగే చీకట్లో ఉండిపోయేవి.

మొదటి వారం అల్లుడుగారు ఫోనులో రివ్యూలు చదివారు. ఒక మిషనుకు అయిదు చుక్కలు వేసి ఒకాయన రాశాడట: "ఇంకా వాడలేదు. ప్యాకింగు బాగుంది." ఇంకొకాయన ఒకే చుక్క వేశాడట: "తెచ్చినవాడు బెల్లు కొట్టలేదు." ఈ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? మీరైతే ఏం చేస్తారు? అల్లుడుగారు ఇద్దరినీ నమ్మారు. అందుకని ప్యాకింగు బాగుండి, బెల్లు కొట్టి ఇచ్చే మిషను కోసం మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టారు.

ఆ వారం అమ్మాయి విరిగిన కాలి కింద రెండు ఇటుకలు పెట్టి, వాటి మీద పాత చెప్పు అట్ట వేసి కుట్టడం మొదలుపెట్టింది. తొక్కినప్పుడల్లా స్టాండు ఊగేది. పది కుట్లు తిన్నగా పడితే పదకొండోది పక్కకు పరిగెత్తేది. కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. ఎంత మంచి వ్యాయామం! ఒక్కో ఏప్రనుకు రెండు ఏప్రన్ల అనుభవం!

రెండో వారం 'పోర్టబుల్' అనే మాట మీద గడిచింది. అంటే చేత్తో పట్టుకుని ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోగలిగేదట. మా స్టాండు కిటికీ పక్కన ఉంది, కాలు విరిగింది కాబట్టి ఎక్కడికీ పారిపోదు. మరి మిషను ఎక్కడికి పోవాలి? అమ్మాయి అదే అడిగింది.

"రేపు మేడ మీద నీళ్ళ ట్యాంకు స్టాండు విరిగిందనుకో?" అన్నారు అల్లుడుగారు.

"అది బాగానే ఉందిగా."

"అనుకో అంటున్నాగా! విరిగితే అప్పుడు ఇరవై కిలోల మిషను మోసుకుని మెట్లెక్కుతామా?"

అని ఊరుకున్నారా? లేదు. అయిదు ఉప్పు ప్యాకెట్లు ఒక సంచిలో వేసి, దానికి పట్టీ కట్టి, భుజానికి తగిలించుకుని మేడ మెట్లు ఎక్కి దిగారు. అయిదు కిలోల మిషను భుజానికి ఎలా ఉంటుందో తెలియాలి కదా! ఎడమ భుజం మీద ఒకసారి, కుడి భుజం మీద ఒకసారి.

"నువ్వు కూడా ఒకసారి రా. ఎప్పుడైనా నువ్వు అందివ్వాల్సి వస్తే?" అని అమ్మాయిని పిలిచారు. ఆమె సూది కింద గుడ్డ అలాగే వదిలేసి లేచింది. "అసలు ఆ స్టాండు మామూలు ఇను..." అని ఏదో చెప్పబోయింది. అప్పటికే సంచి ఆమె భుజాన పడింది. అల్లుడుగారు గడియారం చూస్తూ కింద నిలబడ్డారు. పెళ్ళాం బరువు మోస్తుంటే నిమిషాలు లెక్కబెట్టి రాసుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి!

మూడో వారంలో డ్యూటీ సైకిల్ వచ్చింది. ఇది శ్రద్ధగా వినండి, ఎవరూ మీకు ఇంత విడమరిచి చెప్పరు.

ప్రతి వెల్డింగు మిషను ఒంటి మీదా ఒక చీటీ అంటించి ఉంటుందట. అరవై శాతం అని రాసుంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలే దానిచేత పని చేయించాలి. మిగతా నాలుగు నిమిషాలూ చల్లబడనివ్వాలి. కాదని చేయిస్తే కాలిపోతుంది. తయారుచేసినవాడే రాసి, అంటించి, మరీ పంపిస్తాడట! ఇనుప పెట్టె మీద మనిషికి ఎంత దయ!

ఇది అల్లుడుగారు మాకు వివరించేటప్పుడు అమ్మాయి ఒక చేత్తో చక్రం తిప్పుతూ, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని, మోకాలితో స్టాండును ఊగకుండా అదిమిపెట్టి వింటోంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. లేచి దింపి వచ్చి మళ్ళీ మోకాలు ఆనించింది. ఆమె ఒంటి మీద ఎక్కడైనా అలాంటి చీటీ ఉందేమోనని నేను వెతికాను. ఏమీ కనబడలేదు. అంటించడం మేమే మరిచిపోయినట్టున్నాం.

"ఏమండీ, ఆ కాలు అతికించేటప్పుడు ఒక సంగతి..." అని మొదలుపెట్టింది.

"ఉండు, ఇది పూర్తిగా విను. వంద శాతం డ్యూటీ సైకిల్ కావాలంటే యాంపులు తగ్గించుకోవాలి."

ఆమె మళ్ళీ చక్రం తిప్పింది.

ఇక సంఘానికి జరిగిన మేలు చెబితే మీరు నమ్మరు. అల్లుడుగారు మిషను కొంటున్నారన్న కబురు వీధంతా పాకింది. "మిషను రానివ్వండి, మీవి కూడా నేనే చేసి పెడతాను!" అని ఆయన అందరికీ మాటిచ్చారు. అంతే! ఎదురింటి గేటు కీలు వచ్చింది. మేడ మీద ఆయన మడత కుర్చీ వచ్చింది. ఎవరిదో సైకిలు స్టాండు, ఎవరిదో బకెట్టు చెవి, కాలు పోయిన ఇస్త్రీ బల్ల, సొంతదారు ఎవరో ఎవరికీ తెలియని ఒక కిటికీ చువ్వ. వరండా నిండిపోయి ముందు గదిలోకి వచ్చాయి. అమ్మాయి మిషను దగ్గరికి పోవాలంటే కుర్చీ దాటి, గేటు కీలు దాటి, పక్కకు తిరిగి నడవాలి. పోతే పోనివ్వండి! ఇంతకు ముందు ఎదురింటావిడ మాతో మాట్లాడేది కాదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే వచ్చి, "మిషను వచ్చిందా వదినా?" అని అడిగేది. గేటు లేని ఇల్లు కదా, ఆవిడకు తీరిక లేదు. దించితే వీధిలోకి పారిపోతుందని వాళ్ళ కుక్కను ఎత్తుకుని మరీ వచ్చి అడిగేది.

అల్లుడుగారికి ఫోనులో రెండు వందల మంది వెల్డింగు మిత్రులు దొరికారు. పొద్దున లేవగానే నిప్పురవ్వల బొమ్మతో శుభోదయం పంపేవారు. వాళ్ళలో కొన్నవాళ్ళు ఎందరని అడిగాను. "కొంటే ఇక గ్రూపులో ఏం పని అత్తయ్యగారూ?" అన్నారు. నిజమే కదా!

నాకు జరిగిన గౌరవం కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ముప్పై ఎనిమిదో రోజు ఆయన నా మంచం పక్కన కుర్చీ వేసుకు కూర్చుని, ఫోను నా కళ్ళ దగ్గర పెట్టి, "ఎరుపు రంగు బాగుందా, పసుపు రంగు బాగుందా అత్తయ్యగారూ?" అని అడిగారు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని రెండూ మార్చి మార్చి చూశాను. పసుపన్నాను. ఆయన సరేనన్నారు!

నలభై ఒకటో రోజున పసుపు మిషను వచ్చింది. బెల్లు కొట్టే ఇచ్చారు. ప్యాకింగు బాగుంది.

అప్పటికి తయారైన ఏప్రన్లు ఇరవై ఆరు. మిగిలింది తొమ్మిది రోజులు.

వెల్డింగు చూడటానికి వీధిలో సగం మంది వచ్చారు. అల్లుడుగారు నల్ల అద్దం ముసుగు వేసుకున్నారు, మోచేతుల దాకా తోలు తొడుగులు తొడుక్కున్నారు. కుట్టుమిషనుతో సహా స్టాండును వరండాలోకి లాగి, విరిగిన ముక్కను కాలి కింద ఆనించి, దాని ఇంకో కాలికి వెల్డింగు తీగ క్లిప్పు తగిలించారు. "అటు తిరగండి, కళ్ళు పోతాయి!" అని అరిచారు. అందరం గోడ వైపు తిరిగి నిలబడ్డాం. వెనక చిటపటమని శబ్దం. గోడ మీద మా నీడలు ఎగిరాయి. కాలిన వాసన. ఒక్క నిమిషం. అంతే!

"ఇటు తిరగండి."

తిరిగి చూస్తే కాలు నిలబడి ఉంది. అతికినచోట నల్లగా, చింతగింజంత ఉబ్బు. చప్పట్లు కొట్టాం. మేడ మీద ఆయన తన కుర్చీని ముందుకు తోశాడు. ఎదురింటావిడ కుక్కను కింద దించింది. అల్లుడుగారు ముసుగు పైకెత్తి చెమట తుడుచుకుంటున్నారు. పాపం, ఆ ముఖంలో ఎంత సంతోషం!

అప్పుడు వినబడింది. టిక్కు. గాజు గ్లాసులో వేడి నీళ్ళు పోసినప్పటి శబ్దం.

అతుకు పక్కనే, వేలెడు దూరంలో, సన్నటి గీత. చూస్తుండగానే అది కాలికి అడ్డంగా పాకింది. స్టాండు ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. మనకు అప్పటిదాకా ఒకచోట విరిగిన కాలు ఉండేది. ఇప్పుడు రెండు చోట్ల!

"యాంపులు ఎక్కువయ్యాయా?" అన్నారు అల్లుడుగారు, ఎవరితోనో కాదు, ఆ పసుపు పెట్టెతో.

"అది పోత ఇనుమండీ," అంది అమ్మాయి. గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కత్తెర ఉంది. "కరిగించి అచ్చులో పోసింది. వంగదు, పగులుతుంది. ఒకచోటే మంట తగిలినా పగులుతుంది. మిషనుకు నూనె వేయడానికి వచ్చే ముసలాయన ఎప్పుడో చెప్పాడు."

"మరి ముందే చెప్పొచ్చుగా!"

"ఏది విరిగిందని నన్ను ఎవరైనా అడిగారా? ఏ మిషను కొనాలనే కదా ఇంట్లో మాట."

గొంతు పెంచలేదు. స్టాండు దగ్గరికి వచ్చింది. బెల్టు తీసింది, వెనక రెండు స్క్రూలు వదులు చేసింది, కుట్టుమిషను తలను పైకెత్తి ఒక దుప్పటిలో చుట్టింది. ఆ తల బరువు పన్నెండు కిలోలు. భుజానికి తగిలించుకునే పట్టీ లేదు. బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని, అందరి మధ్యలో నుంచి నడుచుకుంటూ రెండు వీధుల అవతల గుండీలక్క కొట్టుకు వెళ్ళిపోయింది. గుండీలూ దారాలూ అమ్మే ఆవిడను అందరూ అలాగే పిలుస్తారు. కొట్టు వెనక గదిలో ఆవిడ పాత స్టాండు ఒకటి ఖాళీగా పడి ఉంది. దాని మీద తల బిగించుకుని అమ్మాయి కూర్చుంది.

మొదటిరోజు కొత్తవేమీ కుట్టలేదు. ఊగే స్టాండు మీద కుట్టినవాటిలో పదకొండు విప్పి మళ్ళీ కుట్టింది. తర్వాత రోజుకు అయిదు చొప్పున లాగింది. గుండీలక్క కొట్టు చూసుకుంటూనే నాడాలు కట్ చేసి ఇచ్చేది. యాభయ్యో రోజు మధ్యాహ్నం అరవై ఏప్రన్లూ మడతపెట్టి నర్సుల బడిలో అప్పజెప్పారు. అక్కడి పెద్ద నర్సు ఒక్కొక్కటీ తిరగేసి చూసి, వచ్చే ఏడాదికి కూడా మీరే అందట.

అల్లుడుగారి పరిశోధన ఆగిందనుకునేరు! పోత ఇనుముకు వేరే రాడ్లుంటాయట. ఇప్పుడు వాటి రివ్యూలు నడుస్తున్నాయి. ఎదురింటి కుక్క ఇంకా చంకలోనే ఉంది.

ఆ ముక్కలను మాత్రం నేను గుడ్డలో చుట్టుకుని వీధి చివర షెడ్డుకు పట్టుకెళ్ళాను. రిపేరాయన అటూ ఇటూ చూసి, "ఇది మంట పెట్టేది కాదు పెద్దమ్మా," అన్నాడు. వెంట వచ్చి, కాలికి రెండు వైపులా ఇనుప పట్టీ వేసి, బెజ్జాలు చేసి, నాలుగు బోల్టులు బిగించాడు. నేను ఆయనకు కాఫీ కలిపి తెచ్చేలోపు స్టాండు బండరాయిలా నిలబడింది.

పరుగెత్తుకుంటూ వెళ్ళి అమ్మాయితో చెప్పాను. "కాలు బాగైందే! ఇంటికి తెచ్చేసుకో."

ఆమె తొక్కడం ఆపలేదు. "ఇక్కడ నన్ను మధ్యలో లేపేవాళ్ళు లేరమ్మా," అంది.

పొద్దున వెళుతుంది, సాయంత్రం వస్తుంది. ఇంట్లో ఆ కిటికీ పక్కన, నాలుగు బోల్టుల స్టాండు మీద, ఇప్పుడు పసుపు రంగు వెల్డింగు మిషను కొలువుదీరి ఉంది. దుమ్ము పడకుండా నేనే గుడ్డ కప్పాను.

ఇక్కడితో ఆపేస్తే మీరంతా అల్లుడుగారిని చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. నాకు కూడా అదే సుఖం. కానీ ఇంకో ముక్క ఉంది.

కాలు విరిగిన మూడో రోజు పొద్దున, అల్లుడుగారు స్నానానికి వెళ్ళినప్పుడు, మా అమ్మాయి ఆ విరిగిన ముక్కను సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. షెడ్డు దాకా వెళ్ళి వచ్చేస్తానంది. అరగంట పని. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "ఇంట్లో మగమనిషి చేస్తానంటుంటే బయటివాడి దగ్గరికి పోతావటే? ఆయన చిన్నబుచ్చుకోడూ? రెండ్రోజులు ఆగు," అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది. చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది. లోపలికి వెళ్ళి ఇటుకలు వెతుక్కుంది.

ఆయనకు నలభై రోజులు ఎవరిచ్చారనుకున్నారు?

ఇది గుర్తుపెట్టుకోండి. మీ ఇళ్ళలో చెప్పండి, మీ అమ్మలకు చెప్పండి, అత్తలకు మరీ మరీ చెప్పండి. ఉప్పు సంచి సంగతి చెప్పి నవ్వించండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చెప్పేటప్పుడు, పాపం పెద్దావిడ అని నన్ను మాత్రం తప్పించకండి. ఆ గుమ్మంలో ఎవరు నిలబడ్డారో కూడా చెప్పండి.